అలిగిన ఆటగానిని పంపివేయవలెనా?

బేస్‌బాల్ అమెరికా దేశపు ముఖ్య క్రీడలలో నొకటి. మన క్రికెట్టువలెనే ఇందును ఒకడు బంతి విసరును, మరియొకడు కొయ్యతో కొట్టును. పక్షమునకు తొమ్మండ్రు ఆడుదురు. ఆట తీరు తెలియనివారు సైతము ఆలోచింపదగిన ప్రశ్న యొకటి ఆ క్రీడారంగమున తరచుగా పుట్టుచుండును. చిరకాలము సేవచేసిన ఆటగాడు యాజమాన్యముపై అలిగినచో, ఆతనిని వేరొక జట్టున కిచ్చివేయవలెనా? నిలుపుకొనవలెనా?

ముందుగా ఈ మార్పిడి యన నేమో తెలిసికొందము. అచటి జట్లు ఆటగాండ్రతో ఒడంబడిక వ్రాసికొనును. ఒక జట్టు తన ఆటగానిని మరియొక జట్టునకిచ్చి, బదులుగా వారి ఆటగాండ్రను పుచ్చుకొనవచ్చును. ఒడంబడికయు ఆతనితోడనే పోవును. వేతనము మారదు, ఊరు, ఇల్లు, పిల్లల బడి మారును. ఆరేండ్ల సేవ నిండినవాడు ఒడంబడిక ముగియగానే స్వతంత్రుడగును. కావున, ఎటులను వెడలిపోవువానిని ముందుగానే ఇచ్చి తగిన ఫలము పొందుట మేలని యాజమాన్యము తలచును.

ఈ పక్షమునకు బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు మంచి నిదర్శనము. నోమార్ గార్సియాపారా 1999, 2000 సంవత్సరములలో తన లీగునందు బ్యాటింగులో ప్రథముడు, ఊరివారికి కన్నులపండువైనవాడు. 2003 చివర యాజమాన్యము అలెక్స్ రోడ్రిగ్జ్ అను మరియొకనిని తెచ్చుటకు యత్నించి విఫలమయ్యెను. తన స్థానమునకే ముప్పు వచ్చినదని గార్సియాపారా మనసు విరిగెను. పైగా కాలికి గాయము, ఒడంబడికకు చివరి ఏడు. 2004 జులై 31న ఆతనిని షికాగో కబ్స్ జట్టున కిచ్చి, బంతిని చక్కగా పట్టగల ఆటగాండ్ర నిరువురను తెచ్చుకొనిరి. అభిమానులు దుఃఖించిరి. కాని ఆ అక్టోబరులోనే, 86 ఏండ్ల తరువాత, బోస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచెను.

ఇక రెండవ పక్షము. సిన్సినాటి రెడ్స్ జట్టునకు పదేండ్లు ఆడిన ఫ్రాంక్ రాబిన్సన్‌ను, వయసు మీరుచున్నదని యెంచి, 1965 డిసెంబరులో బాల్టిమోర్ జట్టున కిచ్చివేసిరి. ఆతనికి అప్పటికి ముప్పదియేండ్లే. ఆ పరాభవము ఆతనిలో పట్టుదలయై నిలిచెను. 1966లో 49 హోమ్ రన్లు కొట్టి, తన లీగున మూడు ముఖ్య గణనములలోను ప్రథముడయ్యెను. బాల్టిమోర్ వరల్డ్ సిరీస్ గెలిచెను. ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడియను సామెత ఎల్లపుడును చెల్లదు.

మూడవది ఆటగాని పక్షము. సెయింట్ లూయిస్ జట్టున పండ్రెండేండ్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో ఫిలడెల్ఫియాకు మార్చిరి. కొనుటకు, అమ్ముటకు తాను సరకు కాడని ఆతడు నిరాకరించి న్యాయస్థానమున కెక్కెను. 1972లో సుప్రీంకోర్టున అయిదుగురు న్యాయమూర్తులు ఆతనికి ప్రతికూలముగను, మువ్వురు అనుకూలముగను తీర్పు చెప్పిరి. ఆతడు ఓడెను, ఆతని ఆటయు ముగిసెను. కాని ఆతడు లేవదీసిన ప్రశ్న నిలిచెను. 1973లో వచ్చిన నియమము ప్రకారము, పదేండ్ల సేవ కలిగి, అందు చివరి యయిదేండ్లు ఒకే జట్టున నున్నవానిని ఆతని సమ్మతి లేక మార్చరాదు.

కావున, అలిగినాడను ఒక్క కారణమున ఎవ్వనిని పంపరాదు. గొప్పవాడను ఒక్క కారణమున నిలుపుటయు తగదు. అలుక న్యాయమైనదా? వచ్చువాడు జట్టు కొరతను తీర్చగలడా? పోవువానిలో ఇంకను ఎంత శక్తి యున్నది? ఈ మూడింటిని తూచి నిర్ణయింపవలెను. బోస్టన్ వారు కొరత నెరిగి మార్చిరి, గెలిచిరి. సిన్సినాటి వారు వయసునే లెక్కించి మార్చిరి, నష్టపోయిరి.

పంపుట తప్పనిసరియైనచో, ఆ మాట ఆతనితోనే ముఖాముఖి చెప్పవలెను. పొమ్మనలేక పొగబెట్టుట ఏ జట్టునకును గౌరవము కాదు. విద్యార్థులారా! మీ పాఠశాల జట్టునందును, రేపు మీరు నడపబోవు సంఘములందును ఈ ప్రశ్న రాకమానదు. అప్పుడు జట్టు మేలును, మనిషి మర్యాదను రెండింటిని కాపాడు మార్గమునే వెదకుడు.