కుంచము, మానిక, అణా: కనుమఱుగైన కొలతలు

నిత్యజీవితమున మన చేతులలో మెలగిన వస్తువు లెన్నియో మన కన్నుల యెదుటనే మాయమైనవి. వానిలో కొన్నిటికై చింతింప నక్కఱలేదు. కిరసనాయిలు దీపపు మసికొఱకు ఎవ్వరును విలపింపరు. కాని కొన్ని వస్తువులు పోవునపుడు తమతోపాటు ఒక లెక్కను, ఒక భాషను గూడ గొనిపోవును. మన పాత కొలపాత్రలు, తూనికరాళ్లు, నాణెములు అట్టివి.

మొదట ధాన్యపు కొలత. 4 గిద్దలు సోల. 2 సోలలు తవ్వ. 2 తవ్వలు మానిక. 4 మానికలు కుంచము. 4 కుంచములు తూము. 20 తూములు పుట్టి. తూనికయందు 3 తులములు పలము. 40 పలములు వీశె. 8 వీశెలు మణుగు. 20 మణుగులు బారువ. చింతపండు వీశెలతోను, మిరపకాయలు మణుగులతోను, పత్తి బారువలతోను బేరమాడెడివారు. తులము 11.66 గ్రాములు గావున వీశె 1.4 కిలోగ్రాములు, బారువ సుమారు 225 కిలోగ్రాములు. నాణెములందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. 2 అణాలు బేడ, 4 అణాలు పావలా.

ఈ లెక్కలన్నియు తఱచుగా రెండింటను నాలుగింటను నడచుటకు కారణము కలదు. రాశిని కంటిచూపున పది సమభాగములు చేయుట కష్టము; రెండు చేసి, మరల రెండు చేయుట చదువురానివానికిని సాధ్యము. కావుననే మన భిన్నములును నాలుగింటిపై నిలిచినవి. ఒకటిలో నాలుగవ వంతు పావు. పావులో పావు వీసము. వీసములో పావు కాని. రూపాయిలో వీసమే అణా. ఈ భిన్నములకు మన లిపిలో వేఱు చిహ్నము లుండెడివి. కంప్యూటరులకై లిపులను సంకేతించు యూనికోడు వ్యవస్థ 2008లో ఆ చిహ్నములు ఏడింటిని తనలో చేర్చుకొన్నది. యంత్ర మెఱిగిన యీ గుర్తులను మన మనుమ లెఱుగరు!

1957 ఏప్రిల్ 1న రూపాయి నూఱు నయా పైసలైనది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా ప్రవేశించి, 1962 నాటికి పాతవానిని తొలగించినవి. నేను ఆ మార్పు వచ్చిన పిదప పుట్టినవాడను. అణా చెల్లించి ఏ వస్తువును కొన్నవాడను గాను. అయినను చట్టము మాఱినంతనే అలవాటు మాఱదు గదా! నా బాల్యమున ధాన్యమును కుంచముతోనే కొలిచెడివారు. కొలుచువాడు “ఒకటి” యనుటకు మాఱుగా “లాభము” అని యారంభించి, పిదప “రెండు” అనెడివాడు.

ఈ మార్పు అన్యాయమని నేననను. ఒక యూరి కుంచము మఱియొక యూరి కుంచమునకు సరిపోయెడిది కాదు. అప్పిచ్చునపుడు ఒక కుంచము, పుచ్చుకొనునపుడు వేఱొక కుంచము వాడినవారును లేకపోలేదు. కిలోగ్రాము బీదవానికిని ధనికునికిని ఒక్కటియే. మనలను పాలించిన యాంగ్లేయులకును ఈ మార్పు తప్పలేదు. వారి పౌనునకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15న వారును నూఱింటి లెక్కకు వచ్చిరి. షిల్లింగును తలచుకొని నిట్టూర్చు వృద్ధులు అచ్చటను గలరు.

పాత్ర పోయినను మాట మిగిలినది. అర్థము మాత్రము జాఱిపోవుచున్నది. “పదహారణాల తెలుగుదనము” అనునపుడు పదహారే యేల యని బాలుడడిగిన, రూపాయి కథ చెప్పక తీఱదు. “పుట్టెడు దుఃఖము” నందలి పుట్టి ఇరువది తూముల కొలత. “పుట్టి మునిగినది” అనునపుడు పుట్టి నీటిపై తేలు బుట్టపడవ. “వీసమెత్తు అనుమానము లేదు” అనువారిలో వీసమెంతయో చెప్పగలవా రెందఱు? 2011 జూన్ 30తో 25 పైసల నాణెము చెల్లుబాటు కోల్పోయినను, నూటికి నెలకు 25 పైసలు, అనగా ఏటికి 3 శాతము, అను నర్థమున “పావలా వడ్డీ” నిలిచియున్నది.

మఱియొక విశేషము. వాడరేవు బెస్తవారు నేటికిని సముద్రపు లోతును బారలతో చెప్పుదురు. చీరాల అంగడిలో పూలు మూరతో నమ్ముదురు. చేతులు చాచిన బార, మోచేయి మొదలు మూర. ఇవి దేహముతో నుండు కొలతలు గావున నిలిచినవి. వేఱొక పాత్రను, రాతిని ఆశ్రయించినవి పోయినవి.

పెద్దలారా! మీ యిండ్లలో పాత కవులు పత్రములు, పద్దు పుస్తకములు గలవు. “ఇన్ని పుట్లు, ఇన్ని తూములు” అని వ్రాసియున్న ఆ లెక్క మీ మనుమనికి అర్థము కానిచో, ఆ పత్రము చెదలకు ఆహారమే. అటకమీది కుంచమును, మానికను పాతసామానువానికి వేయకుడు. వానిని బియ్యముతో తలకొట్టి కొలిచి, ఆ బియ్యమును నేటి త్రాసులో తూచి, “మా యూరి కుంచ మింత” అని ఒక కాగితమున వ్రాసి ఆ పత్రములలో నుంచుడు. గంటసేపు పని. మీరు తప్ప చేయగలవారు లేరు. మీ తరువాత చేయువారును ఉండబోరు.