కాగితం మీద హిందువులు

బలవంతపు మతమార్పిడి అనే మాట వినపడగానే అందరి చూపూ వాడలోని చర్చి మీదికి పోతుంది. పాస్టరు బియ్యమిచ్చి మార్చినాడు, పాలపొడి ఇచ్చి మార్చినాడు అని ఎన్నో ఏండ్లుగా అదే పాట. మాలమాదిగలకు సొంత బుద్ధి ఉంటుందని ఆ పాట పాడేవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల సంగతి అట్లా ఉంచుదాం. మన రాష్ట్రంలో ఇంకో రకం మతమార్పిడి డెబ్బై ఏండ్లకు పైగా జరుగుతా ఉంది. దానికి నీళ్లు అక్కర్లేదు, పాస్టరూ పూజారీ అక్కర్లేదు. ఒక దరఖాస్తు, ఒక సంతకం చాలు.

జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 18 లక్షల పైచిలుకు, అంటే 4.19 శాతం. 1981కి 2.68, 1991కి 1.83, 2001కి 1.55, 2011కి 1.34 శాతం. చివరికి మిగిలినది 11 లక్షల చిల్లర. నలభై ఏండ్లలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపయితే, క్రైస్తవులు ఏడు లక్షల మంది తగ్గిపోయినారు. యాడికి పోయినారు? కొత్తచెరువు నుంచి ధర్మవరం దిక్కు పోయినా, పెనుకొండ మీదుగా హిందూపురం పోయినా, ఎస్సీ కాలనీల్లో రేకులు కప్పిన ప్రార్థనా మందిరాలు కనబడతానే ఉంటాయి. ఆదివారం పొద్దున మైకు వినబడతానే ఉంటుంది. మనుషులు యాడికీ పోలేదు. లెక్కలో మాత్రమే మతం మారినారు.

ఎందుకు మారినారో తెలియాలంటే 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా చదవాలి. హిందూ మతం కాక వేరే మతం పాటించే వాడెవడూ షెడ్యూల్డు కులస్తుడు కాడని ఆ పేరా అంటుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయినారు. దీన్ని కాంగ్రెసోళ్లే కనిపెట్టినారని అనుకోవద్దు. భారతీయ క్రైస్తవులను షెడ్యూల్డు కులాలుగా లెక్కపెట్టకూడదని 1936లోనే తెల్లదొరల ఉత్తర్వు ఉంది. బైబిలు తెచ్చిన దొరలే ఆ గీతా గీసిపోయినారు.

మన రాష్ట్రంలో 1970 నుంచి ఎస్సీ క్రైస్తవులకు బీసీ-సి కింద ఒక శాతం ఉంది. ఎస్సీలకున్న 15 శాతం పక్కన పెడితే ఆ ఒక్కటి ఎంత? 1977లో జీవో 341 కొన్ని రాయితీలిచ్చింది గానీ చట్టసభలో సీటు, అత్యాచారాల నిరోధక చట్టం అందులోకి రావు. మా పక్క మడకశిర 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ నామినేషన్ వేసే మాల గానీ మాదిగ గానీ క్రీస్తును నమ్మితే, ఆ మాట బయటికి చెప్పకూడదు.

బడిలో చేర్పించే రోజే ఇది మొదలవుతుంది. పిల్లోడికి ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఇంట్లో దావీదు, బడిలో ఆంజనేయులు. నన్ను బడిలో వేసినప్పుడు "ఈ పేరుతో పోతే రేపు సర్టిఫికెట్ ఇయ్యరప్పా" అని ఒక అయ్యవారే మా నాయనకు చెప్పి పేరు మార్పించినాడు. ఆయన మా మంచికే చెప్పినాడు. నాయన వేలిముద్ర వేసినాడు. ఆ వేలిముద్ర లేకపోతే నాకు హాస్టలు లేదు, యూనివర్సిటీ లేదు, ఈ వ్యాసమూ లేదు.

దీన్ని బలవంతం అనొచ్చా అని కొందరు మిత్రులు అడుగుతారు. మెడ మీద కత్తి లేదు కదా అంటారు. కత్తి ఉన్న చోటు కూడా ఉంది. 2008లో ఒడిశాలోని కంధమాల్లో యాభై వేల మందికి పైగా ఇండ్లు వదిలి పారిపోయినారు. వాళ్లలో ఎక్కువ మంది పాణ కులపు దళిత క్రైస్తవులు. హిందువులమని ఒప్పుకుంటేనే ఊర్లోకి రానిస్తామని వాళ్లను బెదిరించినారు. అక్కడ గుంపు చేసిన పనినే ఇక్కడ దరఖాస్తు ఫారం చేస్తుంది. రక్తం కారదు కాబట్టి ఎవరూ వార్త రాయరు.

కోర్టుల తర్కం ఇంకా విచిత్రం. మాదిగోడు క్రైస్తవుడైతే కులం పోతుంది, మళ్లీ హిందువైతే తిరిగొస్తుంది. 1984లో కైలాశ్ సోన్‌కర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గ్రహణంతో పోల్చింది. గ్రహణం విడిస్తే కులం మళ్లీ వెలుగుతుందట! 2015లో కె.పి. మను కేసులో మూడు షరతులు పెట్టింది: పాత కులం రుజువు కావాలి, మతంలోకి తిరిగొచ్చినట్టు రుజువు కావాలి, కులపోళ్లు ఒప్పుకోవాలి. బయటికి పోయే దారిలో శిక్ష, లోపలికి వచ్చే దారిలో బహుమానం. 1985లో సూసై కేసులో ఒక చెప్పులు కుట్టే మనిషిని, కొత్త మతంలో కూడా అంటరానితనం అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపమన్నారు. మరి రెడ్డి క్రైస్తవుడి సంగతేంది? బాప్తిస్మం తీసుకున్నా ఆయన రెడ్డే. సంబంధాలు రెడ్లతోనే. నీ కులం పోయిందని ఏ కోర్టూ ఆయనకు చెప్పలేదు. నీళ్లలో మునిగితే మాలమాదిగల కులమే కడుక్కుపోతుందా? ఊర్లో హోటలోడు, బావి గలోడు, పొలం గలోడు ఆదివారం ఎవరు యాడికి పోతారో చూసి కులం లెక్కపెట్టరు.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది ప్రాణాల మీదికొచ్చింది. గుంటూరు ప్రాంతపు పాస్టరొకాయన, కులం పేరుతో తిట్టి కొట్టినారని 2021లో కేసు పెట్టినాడు. పదేండ్లుగా పాస్టరుగా ఉన్నాడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకు వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. కుల ధ్రువీకరణ పత్రం రద్దు కాకుండా చేతిలో ఉన్నా లాభం లేదన్నది. తిట్టినోడు కులం చూసే తిట్టినాడు. తిట్టు పడ్డోడికి మాత్రం కులం లేదు.

కారంచేడు, చుండూరు చరిత్ర తెలిసినోళ్లకు ఇందులోని ప్రమాదం విప్పి చెప్పక్కర్లేదు. కోస్తాలో దాడి జరిగిన ఏ పల్లెకు పోయినా చర్చి ఉంటుంది. ఇకమీద ముద్దాయి తరఫు వకీలు దెబ్బల గురించి కాదు, ప్రార్థన గురించి అడుగుతాడు. కార్యకర్తలు ఫిర్యాదు రాయించేటప్పుడే దీనికి సిద్ధపడాలి.

మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. మన శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. రిజర్వేషన్ల వాటా తగ్గుతుందని హిందూ దళితుల్లో భయం ఉంది, అది అబద్ధపు భయం కాదు. ఆ సంగతి మన మధ్యనే తేల్చుకోవాలి. అయితే చాలా మంది ఇప్పటికే కాగితం మీద ఎస్సీలుగానే ఉన్నారనేది కూడా ఆ లెక్కలోకి తీసుకోవాలి.

పరిశోధకుడిగా నాకొక చిక్కుంది. ఏడు లక్షలు యాడికి పోయినారో రుజువు చెయ్యడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. చర్చి బాప్తిస్మం రిజిస్టరు, బడి అడ్మిషన్ రిజిస్టరు పక్కపక్కన పెడితే చాలు. కానీ ఆ పట్టిక అచ్చువేసిన మర్నాడే అందులో ఉన్న అందరి సర్టిఫికెట్ల మీదా ఫిర్యాదులు పోతాయి. అందుకే ఈ వ్యాసంలో కొత్తచెరువు చుట్టుపక్కల ఒక్క పల్లె పేరు గానీ, ఒక్క మనిషి పేరు గానీ రాయలేదు.