ఇంటివద్ద పసికందు క్షేమము

కాన్పు ఆసుపత్రిలో జరిగినంత మాత్రమున బిడ్డకు గండము గడచినదని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. కాని కొద్దిదినములలోనే తల్లి బిడ్డతో ఇల్లు చేరును. పుట్టిన మొదటి 28 దినములే శిశువునకు మిక్కిలి అపాయకరమైన కాలము. అందు అధికభాగము ఇంటివద్దనే గడచును. ఆ ఇంటిసేవ ఎంత భద్రముగ నున్నదో విచారించుట చర్ల, దుమ్ముగూడెము వంటి అడవిప్రాంతపు పంచాయతీలకు ముఖ్యమైన పని.

ఈ విషయమున మనకు ఎగువన జరిగిన పరిశోధన యొకటి కలదు. గోదావరి భద్రాచలము చేరక పూర్వము మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అంచున ప్రవహించును. అదియు అడవులు, గోండుపల్లెలు గల సీమయే. దక్షిణమున సిరొంచలో తెలుగు వినబడును. ఆ జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 1986లో 'సెర్చ్' అను సంస్థను స్థాపించిరి. వారు 39 గ్రామములలో స్థానిక స్త్రీలకు శిక్షణ నిచ్చి, పసికందులను ఇంటికి పోయి చూచు ఏర్పాటు గావించిరి. పోల్చి చూచుటకై మరి 47 గ్రామములను ఎంచుకొనిరి. 1993-95లో ఆ 39 గ్రామములలో సజీవముగ పుట్టిన ప్రతి వేయిమందిలో 62 మంది నెల నిండకయే మరణించిరి. ఏర్పాటు చేసిన మూడవ సంవత్సరమున ఆ సంఖ్య 25.5కు దిగినది. ఈ ఫలితములు 1999లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడినవి.

ఆ స్త్రీలు అవసరమైనపుడు సూదిమందు కూడ ఇచ్చిరి. కొద్దిపాటి చదువుగల పల్లెస్త్రీ పసికందునకు సూది వేయవచ్చునా అను సందేహము కలుగును, కలుగవలసినదే. అందుకు వారు చేసిన కట్టుదిట్టము గమనింపదగినది. ప్రతి పరీక్షను ఆమె కాగితముపై వ్రాయవలెను. వైద్యుడు పదునైదు దినముల కొకసారి గ్రామమునకు వచ్చి ఆ వ్రాతలను సరిచూచును. పొరపాటు మరుగున పడి యుండదు. మా దృష్టిలో ఈ పరిశోధనలో అన్నిటికంటె విలువైన భాగ మిదియే.

2011 నుండి ఈ పద్ధతి దేశమంతట ఆశా కార్యకర్తల ద్వారా అమలులోనికి వచ్చినది. ఆసుపత్రి కాన్పైనచో 3, 7, 14, 21, 28, 42వ దినములలోను, ఇంటికాన్పైనచో మొదటిదినమున కూడను ఆమె ఇంటికి రావలెను. బిడ్డను తూచును, ఒంటివేడి చూచును. బిడ్డ పాలు మానినను, ఒడలు చల్లబడినను, కాలుచున్నను, మూర్ఛ వచ్చినను, ఊపిరి తీయునపుడు రొమ్ము క్రిందిభాగము లోనికి పోవుచున్నను, నిమిషమునకు 60 లేక అంతకు మించి శ్వాసలున్నను ఆలస్యము కూడదు. శ్వాసలను బిడ్డ ఏడువక నిదానముగ నున్నపుడు నిండు నిమిషము లెక్కింపవలెను. తొందరలో అరనిమిషముతో సరిపెట్టిన లెక్క నమ్మదగినది కాదు. బొడ్డుపై బూడిద, పసుపు అద్దుట ఇంటిపెద్దల మాట కాదనలేక ఇంకను జరుగుచున్నది, దానిని మాన్పింపవలెను.

మన ప్రాంతమున చిక్కులు రెండు. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవిలో గుడిసెలు వేసికొనిన కుటుంబముల బిడ్డలు జాబితాకు ఎక్కకపోవచ్చును. జాబితాలో లేని బిడ్డ ఇంటికి ఎవరు పోవుదురు? రెండవది వరద. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. అట్టి దినములలో 108 వాహనము వాగు ఆవలనే నిలిచిపోవును. కావున వానలకు ముందే నెలలు నిండిన గర్భిణుల పేర్లు, పసికందుల ఇండ్లు గుర్తించి, వారిని దాటించుట ఎవరి బాధ్యతయో పంచాయతీ వ్రాసి ఉంచవలెను.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు వచ్చు సమావేశమునకు ఆశా కార్యకర్తను సామగ్రితో పిలువుడు. ఆమె త్రాసునకు దుకాణములోని రెండుకిలోల తూనికరాయి తగిలించి చూడుడు. ముల్లు తప్పుచూపినచో తక్కువ బరువు బిడ్డయు బలమైన బిడ్డగా నమోదగును. అది ఆమె దోషముగ నెంచి మందలించినచో మరియొక లోపమును ఆమె మీకు చెప్పదు. త్రాసు చెడినదని తీర్మానము వ్రాసి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఆ దినముననే పంపుడు.