కొండదారిలో కుక్కతోడు

మహాభారత కథ తొలి పుటలలోనూ, తుది పుటలలోనూ కుక్క కనిపిస్తుంది. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుని తమ్ములు నేరమెరుగని సారమేయుని కొట్టి తరుముతారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. తిక్కన మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ఐదుగురూ, ద్రౌపదీ హిమవత్పర్వతం వైపు సాగుతుంటే ఏడవదిగా ఒక కుక్క వారి వెంట నడుస్తుంది. దారిలో మొదట ద్రౌపది, తరువాత తమ్ములు నలుగురూ నేలకొరిగినా ధర్మరాజును కడదాకా వీడనిది ఆ కుక్క ఒక్కటే. దానిని విడిచి రథమెక్కమని ఇంద్రుడు కోరినప్పుడు ధర్మరాజు అంగీకరించలేదు. ఆశ్రయించిన ప్రాణిని విడువరాదన్నది ఆయన పక్షం.

పాండవులది తిరిగిరాని ప్రయాణం. నేటి యువదంపతులు కోరుకునేది శనివారం వేకువన వీపుసంచులతో బయలుదేరి, ఒక రాత్రి కొండల నడుమ గడిపి, ఆదివారం సాయంకాలానికి ఇల్లు చేరే నడక. అయినా ధర్మరాజుకు ఎదురైన ప్రశ్నే వారికీ ఎదురవుతుంది. వెంట నడవగోరే కుక్కను తీసుకుపోవాలా, విడిచి వెళ్ళాలా? దానికి జవాబు కొండను బట్టి, అక్కడ అప్పటికే నివసిస్తున్న ప్రాణులను బట్టి మారుతుంది.

స్త్రీ, పురుషుడు, కుక్క అనే ఈ ముగ్గురి సాహచర్యం ఎంత పాతదో తెలిపే ఆధారం ఒకటి జర్మనీలో దొరికింది. 1914లో బాన్ నగర సమీపాన ఓబర్‌కాసెల్ అనే చోట రాళ్ళు తవ్వే పనివారికి ఒక సమాధి కనబడింది. అందులో ఒక పురుషుడు, ఒక యువతి, వారితోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. అది సుమారు 14,000 సంవత్సరాల నాటిది. ఆ కుక్కపిల్ల పళ్ళను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక ఆసక్తికరమైన విషయం వెల్లడించారు. ఏడు నెలల వయసులో మరణించిన ఆ పిల్లకు అంతకు కొన్ని వారాల ముందే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి సోకి ఉండాలి. ఎవరో పక్కన ఉండి వెచ్చగా కాపాడి, నీరు తాపి, శుభ్రం చేసి ఉండకపోతే అది అన్ని వారాలు బ్రతికేది కాదు. వేటకు గాని కాపలాకు గాని అక్కరకు రాని ఆ పిల్లను వారు సాకారు. డిస్టెంపర్ అనే ఈ పేరును గుర్తుంచుకోవాలి. దానితో ముందు పని ఉంది.

ఇక తెలుగునేలకు వద్దాం. పాల్వంచ, దమ్మపేట, అశ్వారావుపేటల నడుమ ఉన్న ములకలపల్లి మండలం ఒకప్పటి ఖమ్మం జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇక్కడ ఊరు ఎక్కడ ముగుస్తుందో, అడవి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. పత్తిచేల గట్టు దాటితే తునికి, మద్ది, ఇప్ప, టేకు చెట్లు. వాటి వెనుక గుట్టలు. గుట్టల నడుమ కోయగూడేలు. ఉత్తరాన పాల్వంచ అడవులలో కిన్నెరసాని పారుతుంది. అత్తింటి ఆరళ్ళు తాళలేక అడవికి పరుగెత్తిన కిన్నెర వాగై ప్రవహించగా, ఆమెను విడువలేని భర్త కొండయై నిలిచాడన్న గాథ విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు'కు వస్తువైంది. దంపతులై కొండకు వెళ్ళేవారికి ఇంతకన్న తగిన తావు అరుదు.

ఈ ప్రాంతానికి తూర్పున, గోదావరి వైపు, పాపికొండల పరిసరాలలో కొండరెడ్ల జీవనాన్ని అధ్యయనం చేయడానికి 1941లో ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా స్వదేశానికి పోలేక నిజాం రాజ్యంలో నిలిచిపోయిన ఆయనకు భార్య బెట్టీ ఎలిజబెత్ పరిశోధనలో సహచరి అయింది. అంతకుముందు 1940లో ఆయన నల్లమల చెంచుల నడుమ ఉన్నాడు; తరువాత ఆదిలాబాదు గోండుల వద్దకు వెళ్ళాడు. గోండులను గురించి 1979లో వెలువడిన గ్రంథం మీద సహరచయిత్రిగా ఎలిజబెత్ పేరు కూడా ఉంది. 1987లో ఆమె మరణించినప్పుడు ఆదిలాబాదు మార్లవాయి గ్రామంలోనే సమాధి చేశారు. జీవిత సహచరితో కలిసి కొండలలో నడిచి ఒక జాతి జీవితాన్ని లోకానికి చెప్పిన ఇటువంటి జంటలు చాలా తక్కువ.

గిరిజనుల ఇళ్ళలో కుక్క అలంకారం కాదు. పోడుచేను మీదికి వచ్చే అడవిపందిని పసిగట్టేది, రాత్రివేళ గూడెంలోకి కొత్తవాసన వస్తే మొరిగేది అదే. గూడెం కుక్కకు ఆ అడవి తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో దానికి అలవాటు. నగరం నుండి కారులో వచ్చిన పెంపుడు కుక్కకు ఆ తెలివి ఉండదు. ఈ తేడాను మరచినవారు తమకూ కుక్కకూ కూడా చిక్కు తెచ్చుకుంటారు.

నడకకు కాలం ముఖ్యం. నవంబరు నుండి ఫిబ్రవరి మొదటి వారాల వరకు ఈ గుట్టలు అనుకూలం. ఫిబ్రవరి దాటితే ఆకురాలి అడవి ఎండుతుంది, కార్చిచ్చు భయం మొదలవుతుంది. వేసవి ఆరంభంలో ఇప్పపూలు రాలే రోజులలో తెల్లవారుజామున వాటిని ఏరుకోవడానికి మనుషులూ వస్తారు, తినడానికి ఎలుగుబంట్లూ వస్తాయి. ఆ వేళ కొత్తవారు అక్కడ ఉండకపోవడమే మేలు. వానకాలంలో వాగులు పొంగడంతో పాటు పాములు, దోమలు అధికం.

దూరాన్ని లెక్కించడానికి స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ పనికివస్తుంది. మెట్రిక్ కొలతలలో చెప్పాలంటే ఐదు కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. పన్నెండు కిలోమీటర్ల బాటలో 300 మీటర్లు ఎక్కవలసి ఉంటే రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు. ఇది బరువు మోయని దృఢకాయుని లెక్క. వీపున సంచి, పక్కన కుక్క, మధ్యలో విశ్రాంతి కలుపుకొంటే నాలుగున్నర గంటలు అనుకోవడం ఉచితం. చలికాలంలో గుట్టల మాటున త్వరగా చీకటి పడుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడుకే బస చేరేలా బయలుదేరాలి.

సంచి బరువు మోసేవారి శరీర బరువులో ఐదవ వంతు మించరాదు. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. అందులో పెద్ద భాగం నీటిదే. ఎండలో నడిచే మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఇరవై కిలోల కుక్కకు రెండు లీటర్లు అనుకుంటే ముగ్గురికి పది లీటర్లు, అనగా పది కిలోలు. రెండు రోజుల నీటిని మోసుకుపోవడం అసాధ్యం. అందుచేత దారిని నీటిని బట్టి నిర్ణయించాలి. వాగు ఎండినట్లు కనిపించినా ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. ఏ వాగులో ఏ నెల వరకు చెలమ ఊరుతుందో గూడెం పెద్దలకు తెలిసినంతగా ఏ పటమూ చెప్పలేదు. ఆ నీటిని గుడ్డతో వడగట్టి, తెర్లేలా మరిగించిన తరువాతే తాగాలి.

ఇద్దరు కలిసి వెళ్ళడంలో గల లాభం బరువు పంచుకోవడం. గుడారం ఒకరు, వంటపాత్ర ఒకరు మోయవచ్చు. కాని నీరు, టార్చి, ఈల, అగ్గిపెట్టె మాత్రం ఎవరివి వారి వద్దనే ఉండాలి. పొదల మలుపులో ఇద్దరూ విడిపోయిన క్షణాన ఇవన్నీ ఒకరి సంచిలోనే ఉంటే రెండవవారి గతి ఏమిటి? ఇక వేగం విషయంలో గట్టి నియమం ఒక్కటే. నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి. వేగంగా నడిచేవారు ముందుకు సాగిపోయి బండమీద కూర్చొని ఎదురుచూడడం, వెనుకవారు రొప్పుతూ చేరేసరికి వీరు లేచి మళ్ళీ కదలడం అనేక జంటల నడకలో కనిపించే దృశ్యం; విశ్రాంతి అవసరమైనవారికే అక్కడ విశ్రాంతి దొరకదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, నాటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన ఆనంద్ కుమార్ కలిసి శిక్షణ పొంది, కలిసి ఎక్కినవారే. అంతటి ఎత్తులకు పోనివారికి కూడా తోడువారి శ్వాసను గమనించే అలవాటు అవసరం.

కుక్క విషయానికి వస్తే, దానికి ప్రధాన శత్రువు వేడి. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల మెత్తల వద్ద స్వల్పంగా తప్ప చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే అది ఒళ్ళు చల్లబరచుకునే మార్గం. అలసిపోయినా యజమాని నడుస్తున్నంతసేపు అది ఆగదు. ఈ విధేయతే దానికి ప్రమాదం. రొప్పు తగ్గక, అడుగు తడబడి, చొంగ చిక్కబడితే వెంటనే నీడకు చేర్చి పొట్ట మీద, గజ్జలలో నీళ్ళు పోయాలి. బండమీద అరచేయి కొద్దిసేపు ఆనించి ఉంచలేకపోతే ఆ బండ కుక్క పాదానికి కూడా పనికిరాదు. మనం తినే ఉల్లిపాయ, చాక్లెటు, ద్రాక్ష దానికి విషతుల్యాలు. పులిహోర పొట్లంలో మిగిలినది ప్రేమతో పెట్టడం సరికాదు.

ఇంతవరకు చెప్పినవి జాగ్రత్తలు. అసలు చిక్కు అభయారణ్యం సరిహద్దు దగ్గర వస్తుంది. కిన్నెరసాని 1977లో అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే ఇటువంటి చోట్లకు బయటివారు ప్రవేశించరాదు, నిప్పు పెట్టరాదు, చెత్త వేయరాదు. అనుమతి మనుషులకు దొరికినా పెంపుడు కుక్కను లోపలికి తీసుకుపోవడం తగదు. కొందరు దీనిని అధికారుల కాఠిన్యంగా భావిస్తారు. కారణం తెలిస్తే అలా అనుకోరు.

1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానాలలో సింహాలు వణుకుతూ, మూర్ఛలతో కూలిపోసాగాయి. సుమారు వేయి సింహాలు, అనగా అక్కడి సింహాలలో మూడవ వంతు, చనిపోయాయి. కారణం డిస్టెంపర్. ఆ వైరస్ చుట్టుపక్కల గ్రామాల కుక్కల నుండి వచ్చినట్లు పరిశోధకులు నిర్ధారించారు. 2018లో గుజరాత్ గిర్ అడవులలో కొద్ది వారాలలో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు వాటిలో కొన్నిటిలో ఇదే వైరస్ కనబడింది. పధ్నాలుగు వేల ఏళ్ళ క్రితం బాన్ వద్ద ఒక పిల్లకుక్కను బాధించిన వ్యాధి ఇది. దక్షిణ భారత అడవులలోని రేచుకుక్కలు కుక్కజాతికి దగ్గరి చుట్టాలు కాబట్టి వాటికీ ఇది సోకుతుంది. ఈడు వచ్చిన రేచుకుక్కలు లోకమంతటా కలిపి 2,500 మించవని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2015లో అంచనా వేసింది. ఒక కుక్క వదిలిన మలం, ఒక చెలమలో ముట్టిన మూతి చాలు, వ్యాధి అడవిలో అడుగుపెట్టడానికి.

రెండవ కారణం యజమాని ప్రాణానికే సంబంధించినది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. ఎలుగుబంటిని చూసిన పెంపుడు కుక్క మొరిగి రెచ్చగొడుతుంది. అది మీదికి రాగానే రక్షణ కోసం పరుగెత్తుకొచ్చేది యజమాని కాళ్ళ దగ్గరికే. వెనుక ఎలుగుబంటి కూడా వస్తుంది.

ధర్మరాజు కుక్కను విడువనన్నాడు గదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆయన విడువనన్నది తన్ను నమ్మి వచ్చిన ప్రాణి క్షేమాన్ని. అభయారణ్యానికి పోయే వారాంతంలో కుక్కను నమ్మకస్తుల ఇంట ఉంచడం దానిని విడిచిపెట్టడం కాదు. కుక్కతో నడవాలనుకునేవారికి అభయారణ్యం వెలుపల, గూడేలను కలిపే బండిబాటలు, చెరువు గట్లు, ఊరి గుట్టలు ఉన్నాయి. రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి, గూడెంలో బస అయితే అక్కడి పెద్దల అంగీకారం ముందుగా పొందాలి. మెడకు పట్టెడ, చేతిలో గొలుసు ఎప్పుడూ ఉండాలి. గూడెం కోళ్ళకూ మేకలకూ అదే రక్ష. డిస్టెంపర్, రేబిస్ టీకాలు కనీసం నెల ముందే వేయించి ఉండాలి. గూడెం కుక్కలకు టీకాలు అందడం అరుదు కాబట్టి వచ్చిన అతిథి కుక్క శుభ్రంగా ఉండడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

రాత్రి బసలో కుక్కను గుడారం లోపలే కట్టుకోవాలి. కట్లపాము రాత్రివేళ తిరిగేది. దాని కాటు నొప్పి లేకుండానే ప్రాణం తీయగలదు. అందువల్ల ఉత్త నేలమీద పడుకోరాదు, టార్చి లేకుండా కాలు కదపరాదు. పాము కరిస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం మూడూ హానికరాలు. కరచిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. భద్రాచలం మన్యం మలేరియాకు పేరుపడినది కాబట్టి దోమతెర మరువరాదు.

తిరుగు ప్రయాణానికి ముందు కుక్క చెవుల లోపల, మెడపట్టెడ కింద, కాలివేళ్ళ సందులలో పిడుదుల కోసం వెదకాలి. కనిపించిన పిడుదును వేళ్ళతో నలపకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నెమ్మదిగా నేరుగా లాగాలి. కిరోసిను పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మంచి పద్ధతులు కావు. తరువాతి రెండు మూడు వారాలలో కుక్క తిండి మానినా, జ్వరం వచ్చినా, చిగుళ్ళు పాలిపోయినా పశువైద్యునికి చూపి, అడవికి వెళ్ళివచ్చిన సంగతి ముందుగా చెప్పాలి.