పాత డ్రాయింగు, పదో వంతు ఇంజిన్

రాయదుర్గంలో టీ-హబ్ పక్కన 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరుచుకుంది. మొదటి దశలోనే 78,000 చదరపు అడుగులు. లేజర్ కట్టర్లు, సీఎన్‌సీ యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. కొత్త పరికరాల నమూనాల కోసం పెట్టిన ఈ యంత్రాలే పాత యంత్రాలకు చిన్న రూపాలు చేయడానికీ పనికొస్తాయి. ఇక్కడి కుర్రకారు ఆ పనికి దిగాలని నా కోరిక. మొదలుపెట్టడానికి డబ్ల్యూపీ ఆవిరి ఇంజిన్‌ను మించింది లేదు. బండి ముందు పొడుచుకొచ్చిన ముక్కు, దాని మీద నక్షత్రం చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.

పాత డ్రాయింగు తెచ్చి, కొలతలన్నీ పదితో భాగిస్తే సరిపోదా? బీరువాలో పెట్టుకునే బొమ్మకైతే సరిపోతుంది. ఆవిరితో నడవాలంటే మాత్రం సరిపోదు.

అసలు డ్రాయింగు చదవడమే ఒక విద్య. మొదటి 16 డబ్ల్యూపీలు 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాత గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ, చివర్లో మన చిత్తరంజన్ కార్ఖానా కూడా వాటిని తయారుచేశాయి. బ్రిటిష్ పాత పద్ధతిలో, అంటే మన కాలేజీల్లో నేర్పే ఫస్ట్ యాంగిల్‌లో, వస్తువును ఎడమ నుంచి చూసిన రూపాన్ని కుడివైపు గీస్తారు. అమెరికన్లు ఎడమవైపే గీస్తారు. ఏ పద్ధతో తేల్చుకోకుండా కంప్యూటర్లోకి ఎక్కిస్తే కుడి పక్కన ఉండాల్సిన పంపు ఎడమ పక్కకు వెళ్తుంది. ఇంకో జాగ్రత్త ఉంది. నీలి బ్లూప్రింటును నీళ్ళలో కడిగి ఆరబెట్టేవారు కాబట్టి కాగితం సాగి ముడుచుకునేది. అందుకే గీతను స్కేలుతో కొలవకూడదు, పక్కన రాసిన అంకెనే నమ్మాలి.

గేజ్ దగ్గర మనకు ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన నిజాం రైలు మార్గం బ్రాడ్ గేజ్, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. బజార్లో దొరికే బొమ్మ పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. అవి యూరప్, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల దారికి 87వ వంతు. మన దారికి అదే లెక్కన 19.3 కావాలి. అందుకే చాలా నమూనాల్లో మన ఇంజిన్ ఇరుకు పట్టాల మీద లావుగా కనిపిస్తుంది. సికింద్రాబాద్-మన్మాడ్ మార్గం ఒకప్పుడు మీటర్ గేజ్. దానికి మాత్రం 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపుగా అతుకుతాయి.

ఇక ఆవిరి సంగతి. డబ్ల్యూపీ సిలిండరు అడ్డుకొలత ఇరవై అంగుళాల పావు, పిస్టన్ నడక 28 అంగుళాలు, బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. పొడవు పదో వంతయితే పిస్టన్ ముఖం నూరో వంతవుతుంది, బరువు వెయ్యో వంతవుతుంది. ఒత్తిడి 210లోనే ఉంచితే లాగే బలం నూరో వంతుకే తగ్గుతుంది. అంటే బరువుతో పోల్చినప్పుడు బలం పది రెట్లు ఎక్కువ. అప్పుడు చక్రాలు పట్టాను పట్టవు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. ఒత్తిడి తగ్గించక తప్పదు. పోనీ పదో వంతుకు దించేద్దామా అంటే ఇంకో నష్టం అడ్డొస్తుంది. గంగాళంలో నీళ్ళకన్నా గ్లాసులో నీళ్ళు ముందు చల్లారినట్టు, చిన్న సిలిండరు గోడలు ఆవిరి వేడిని గబగబా లాగేస్తాయి. సగం ఆవిరి పని చేయకముందే నీరైపోవచ్చు. అందుకే నడిచే నమూనాలు కట్టేవాళ్ళు సాధారణంగా 80 నుంచి 100 పౌండ్ల దగ్గర ఆగుతారు.

ఈ నష్టాన్ని పట్టుకోవడమే చరిత్రను మార్చింది. 1763 చలికాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయం తన న్యూకోమెన్ ఇంజిన్ నమూనాను బాగుచేయమని జేమ్స్ వాట్‌కు ఇచ్చింది. బాయిలరు దాని పరిమాణానికి తగ్గదే అయినా, నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. వాట్ కొలిచి చూస్తే ఆవిరిలో పెద్ద భాగం ప్రతిసారీ చల్లబడే సిలిండరును మళ్ళీ వేడెక్కించడానికే ఖర్చవుతోంది. పెద్ద ఇంజిన్లోనూ ఆ దోషం ఉంది, కానీ అంతగా బయటపడలేదు. నమూనా చిన్నది కాబట్టే దొరికిపోయింది. ఆవిరిని సిలిండరులో కాకుండా వేరే పాత్రలో చల్లార్చే విడి కండెన్సర్ ఆలోచన 1765లో దాన్నుంచే వచ్చింది.

రేకు మందం దగ్గరా రాజీ తప్పదు. అర అంగుళం రేకు 87వ వంతులో 0.15 మిల్లీమీటర్లు. మామూలు త్రీడీ ప్రింటరు నాజిల్ రంధ్రమే 0.4. కాబట్టి కంటికి కనిపించే అంచును పల్చగా అరగదీసి, లోపలి మందం అలాగే ఉంచుతారు.

1893 నాటి లాలాగూడ వర్క్‌షాప్ లాంటి చోట్ల పాత డ్రాయింగులు ఎన్ని మిగిలితే అన్నీ స్కాన్ కావాలి. స్కాన్ చేసేవాళ్ళు పక్కన ఒక స్కేలు పెట్టాలి, మూలన ఉండే మార్పుల పట్టీని కత్తిరించకూడదు. ఏ ఏడు ఏ భాగం మార్చారో ఆ పట్టీయే చెబుతుంది. అది లేకపోతే 1947 బాయిలరు మీద తర్వాతి కాలపు పైపులు బిగిస్తాం.