అవ్వ చెప్పింది, మేం రాశాం: మరి పుస్తకం ఎవరిది?

హొసూరు పక్క పల్లెలో ఎనభై దాటిన ఒక అవ్వ మొదటి రోజే మాతో తేల్చేసింది: "నాకు రాసేకి రాదు నాయనా. చెప్పేకి మాత్రం నిండా ఉండాది." ఆమె మనుమలు తెలుగు మాట్లాడతారు గానీ, చదువు తమిళంలో సాగింది కాబట్టి తెలుగు అక్షరాలు చదవలేరు. అంటే ఆమె కథ పుస్తకం కావాలంటే మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి పనే మేం చేస్తున్నాం.

దీన్ని ఘోస్ట్ రైటింగ్ అంటారు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో తెర మీద పేరు పడని రచయితలను ఘోస్టులనే పిలిచేవారు కాబట్టి తమిళనాట మనవాళ్ళకు ఈ మాట కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ మరుగున పడింది రాసినవాడు. పెద్దల జీవితకథల్లో ఏమరుపాటుగా ఉంటే చెప్పిన మనిషే మరుగున పడిపోతుంది.

పని తీరు చెబుతాం. మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తాం. గంట మాటలను కాగితం మీదికి ఎక్కించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మొదటి రెండు మూడు సార్లు పెద్దగా ఏమీ దొరకదు. పుట్టింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు అని పెద్దలు పొడిపొడిగా చెప్పి ఊరుకుంటారు. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "ఆ ఇంట్లో పొయ్యి ఏ పక్క ఉండేది? నీళ్ళు ఎవరు తెచ్చేవారు?" అని అడిగితే ఆ పొయ్యి దగ్గర కూర్చున్న అత్త, ఆమె తిట్లు, సంగటి చాలని రాత్రి, అన్నీ వెంట వస్తాయి.

మేం తప్పు చేసింది ఆ తర్వాత. రాసిన మొదటి అధ్యాయం అవ్వకు చదివి వినిపించాం. బంగాళాదుంపల దగ్గర ఆపింది. "ఇదెవురు చెప్పిండేది? నేను ఉర్లగడ్డ అని కదా అనిండేది." రికార్డింగు మళ్ళీ విన్నాం. ఆమె "తావ" అన్నచోటల్లా మేం "దగ్గర" అనీ, "నిండా" అన్నచోట "చాలా" అనీ రాసుకుంటూ పోయాం. ఎవరూ అడగకుండానే బడి తెలుగులోకి దిద్దేశాం. వెనక్కి మార్చడానికి రెండు వారాలు పట్టింది. కొల్లేగాలమైనా, సోలాపూరైనా, బరంపురమైనా అక్కడి తెలుగులో కలిసిన కన్నడం, మరాఠీ, ఒడియా మాటలు తప్పులు కావు. ఆ ఇల్లు ఎక్కడ నిలిచిందో చెప్పేవి అవే.

ఇది మాకొక్కరికే జరిగింది కాదు. కేరళలో నళినీ జమీలా ఆత్మకథ 2005లో ఇంకొకరి సాయంతో వచ్చింది. అందులో తన గొంతు సరిగ్గా రాలేదని ఆమె దాన్ని మళ్ళీ తన తీరులో తిరగరాయించుకున్నారు. తెలుగులో చూస్తే, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన కథలను స్త్రీశక్తి సంఘటన రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అందులో ఎవరి కథ వారి పేరు మీదే ఉంది. ఈ పనికి దిగేవారు ముందుగా ఆ పుస్తకం చూడాలని మా సలహా.

ఇక డబ్బిచ్చి రాయించుకునే ఇళ్ళవారు పట్టించుకోనిది కాగితం. 1957 నాటి కాపీరైట్ చట్టం హక్కు ఇచ్చేది అనుభవానికి కాదు, రాతకు. విన్నదాన్ని తన వాక్యాల్లో రాసినవారే చట్టం దృష్టిలో రచయిత. వారు మీ దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి అయితే మాట వేరు. బయటివారైతే డబ్బు మొత్తం ఇచ్చేసినా సరే, హక్కును మీకు బదిలీ చేస్తూ రాసి సంతకం పెడితే తప్ప అది మీది కాదు. ఆ రాతలో ఎన్నేళ్ళకో చెప్పకపోతే 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళకే అనుకోవాలి. ఎక్కడెక్కడో చెప్పకపోతే భారతదేశం వరకే.

మనలాంటి ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అవ్వ పుస్తకాన్ని మనుమలు చదవాలంటే రేపు తమిళంలోకో కన్నడంలోకో అనువదించాలి. హక్కు చేతిలో లేకపోతే సొంత అవ్వ కథకు బయటివారి అనుమతి అడగాలి. అందుకని ఒప్పందంలో అనువాదం మాట విడిగా రాయించండి. రికార్డింగులు ఎవరివో కూడా రాయించండి. హక్కు అమ్మేసినా, ఇది రాసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు మిగులుతుంది. పేరు వేస్తారా, వేస్తే ఎక్కడ వేస్తారు అన్నది చేతులు కలిపినప్పుడే తేల్చుకుంటే తర్వాత మనసులు చెడవు. మేమైతే అట్ట మీద అవ్వ పేరే వేసి, లోపలి పుటలో "విని రాసినవారు" అని మా పేర్లు వేసుకుంటాం.

అచ్చు వేసేవారు ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. సొంతంగా వేసుకునేవారూ అడగవచ్చు.

హొసూరు అవ్వ పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. ఐదో అధ్యాయం చదివి వినిపించాలి. అందులో ఆమె ఆడబిడ్డ మీద నాలుగు మాటలు ఉన్నాయి. ఉంచాలా తీసేయాలా అని అడిగితే, ఆలోచించుకుని చెబుతానంది.