వరి టుంగ్రో తెగులు: రెండు వైరస్‌ల పరస్పర చర్య

వరిని ఆశించే వైరస్ తెగుళ్లలో టుంగ్రో ముఖ్యమైనది. దక్షిణ, ఆగ్నేయాసియా దేశాలలో పంటకు తీవ్ర నష్టం కలిగించే ఈ తెగులుకు కారణం ఒక వైరస్ కాదు, ఒకే మొక్కలో కలిసి వృద్ధి చెందే రెండు భిన్నమైన వైరస్‌లు.

మొదటిది దండాకార వైరస్. దీని జన్యు పదార్థం డీఎన్‌ఏ. రెండవది గోళాకార వైరస్. దీని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ. ఇవి వేర్వేరు కుటుంబాలకు చెందినప్పటికీ, రెండూ ప్రధానంగా మొక్కలో ఆహారాన్ని రవాణా చేసే పోషక కణజాలంలోనే వృద్ధి చెందుతాయి.

తెగులు లక్షణాలకు మూలం దండాకార వైరస్. ఇది సోకిన మొక్కలు గిడసబారి, పిలకలు తగ్గి, ఆకులు కొన నుండి క్రిందికి పసుపు, నారింజ రంగులోకి మారతాయి. గోళాకార వైరస్ ఒక్కటే సోకిన మొక్కలో లక్షణాలు దాదాపు కనిపించవు. రెండూ కలిసినప్పుడు మాత్రం దండాకార వైరస్ ఒక్కటే సోకినప్పటి కంటే తీవ్రత అధికమవుతుంది.

వ్యాప్తి విషయంలో ఈ పాత్రలు తారుమారవుతాయి. పచ్చదీపపు పురుగులు గోళాకార వైరస్‌ను స్వతంత్రంగా వ్యాపింపజేయగలవు. దండాకార వైరస్‌ను ఒంటరిగా వ్యాపింపజేయలేవు. పురుగు ముందుగా గోళాకార వైరస్ ఉన్న మొక్క రసాన్ని పీల్చి ఉంటేనే, లేదా రెండూ ఉన్న మొక్కను ఆశిస్తేనే, దండాకార వైరస్ మరో మొక్కకు చేరుతుంది. అనగా నష్టం కలిగించే వైరస్‌కు, పైకి కనిపించని వైరస్సే ప్రయాణ సాధనం.

పురుగులో ఈ వైరస్‌లు కొద్ది రోజులు మాత్రమే నిలుస్తాయి. పిల్లపురుగు కుబుసం విడిచినప్పుడు వ్యాప్తి శక్తిని కోల్పోతుంది. గ్రుడ్ల ద్వారా గానీ, వరి విత్తనం ద్వారా గానీ ఈ తెగులు సంక్రమించదు. కావున పొలంలో మిగిలే వైరస్ ఆశ్రయాలను తొలగించుట కీలకం.

సస్యరక్షణలో దీని ప్రాధాన్యం స్పష్టమే. పసుపు దుబ్బులను మాత్రమే పీకివేస్తే, పచ్చగా కనిపించే మొక్కలలో గోళాకార వైరస్ మిగిలిపోవచ్చు. పంట కోసిన వెంటనే కొయ్యకాళ్లను కలియదున్ని, వాటి నుండి చిగిర్చే దుబ్బులను నిర్మూలించాలి. నారుమడి దశ నుండే పచ్చదీపపు పురుగులను గమనించి నివారించాలి. లేత దశలో సోకిన పైరుకే నష్టం అధికం. టుంగ్రోను తట్టుకునే విక్రమార్య వంటి రకాలను ఎంచుకోవాలి. గోళాకార వైరస్‌ను నిరోధించే రకాలలో దండాకార వైరస్ వ్యాప్తి కూడా పరిమితమవుతుంది.

ఈ లక్షణాలను నత్రజని లేదా జింకు లోపంగా భావించి ఎరువులు వేసినందువలన ఖర్చే తప్ప ఫలితం ఉండదు. తెగులు సోకిన మొక్కకు చికిత్స లేనందున, రెండు వైరస్‌ల కలయికను ముందుగానే అడ్డుకొనుట ఉత్తమ మార్గం.